మెదడు అలలు – నలుగురి ముందు తూకం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ మేడమ్ గారు ఫోన్ చేశారు. "కవిత వద్దమ్మా, అందరూ కవితలే పంపుతున్నారు. నువ్వు చదివినదాని గురించి పిల్లలకు అర్థమయ్యేలా రాయి" అన్నారు. అందుకే ఈ వ్యాసం.

నేను ఈ ఏడాది ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్ పూర్తి చేశాను. మా ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కినదాన్ని నేనే మొదలు. నా ప్రాజెక్టు, మెదడు నుంచి వచ్చే సంకేతాలను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో విశ్లేషించడం. ఈ మాట చెప్పగానే చాలామంది "అయితే నా మనసులో ఏముందో చెప్పు చూద్దాం" అని నవ్వుతారు. ఆ ప్రశ్న నన్ను మొట్టమొదట అడిగింది మా అమ్మ. అయితే ఆమె నవ్వుతూ అడగలేదు.

నూనె పెట్టని తల

నేను ఇక్కడ తొమ్మిదో తరగతి చదువుతుండగా మా తమ్ముడికి ఫిట్స్ వచ్చాయి. అప్పుడు వాడికి ఎనిమిదేళ్లు. ఊళ్లో ఒకరు తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టారు. ఇంకొకరు ఉల్లిగడ్డ వాసన చూపించారు. గాలి సోకిందని మరొకరు తాయత్తు కట్టించారు. రెండోసారి వచ్చినప్పుడు మా మేనమామ వాడిని జిల్లా కేంద్రంలోని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు ఈఈజీ రాశారు. "తలస్నానం చేయించి, నూనె పెట్టకుండా తీసుకురండి" అని చెప్పి పంపారు.

సెలవుల్లో ఉన్నాను కాబట్టి నేనూ వెళ్లాను. తల మీద అక్కడక్కడా జిగురులాంటి పేస్టు రాసి చిన్న చిన్న బిళ్లలు అంటించారు. వాటి నుంచి తీగలు యంత్రంలోకి వెళ్లాయి. కళ్లు మూసుకో, కళ్లు తెరువు, గట్టిగా గాలి పీల్చి వదులు అన్నారు. యంత్రం మీద వంకర గీతలు వరుసగా కదిలాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది: "బిడ్డా, ఆ తీగలు పెడితే వాని మనసుల ఉన్నదంతా తెలుస్తదా? వాడేమన్న తప్పు చేసిండని చూస్తున్నరా?"

నాకు జవాబు తెలియలేదు. "ఏం కాదమ్మా" అన్నాను. ఆ ప్రశ్నకు సరైన జవాబు వెతుక్కోవడానికి నాకు ఎనిమిదేళ్లకు పైగా పట్టింది.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఎవరికైనా ఫిట్స్ వస్తే నోట్లో చెంచా గానీ, గుడ్డ గానీ, నీళ్లు గానీ పెట్టకూడదు. కొట్టుకుంటున్న చేతుల్ని, కాళ్లను గట్టిగా పట్టి ఆపకూడదు. పక్కన ఉన్న గట్టి వస్తువులు తీసేసి, తలకింద మెత్తటిది పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తాళంచెవులు ఏమీ చెయ్యవు. ఫిట్స్ వాటంతట అవే తగ్గేటప్పుడు చెవులు చేతిలో ఉంటాయి కాబట్టి వాటికి పేరు వచ్చింది.

ఆ వంకర గీతలు ఏమిటి?

మన మెదడులో కోట్లాది నాడీకణాలు చిన్న చిన్న విద్యుత్ సంకేతాలతో మాట్లాడుకుంటాయి. లక్షల కణాలు ఒకే తాళంలో పనిచేసినప్పుడు ఆ విద్యుత్తు పుర్రె దాటి తలపై చర్మం దాకా వస్తుంది. అలా బయటికి వచ్చేది చాలా తక్కువ, కొన్ని పదుల మైక్రోవోల్టులు. టార్చిలైటులో వేసే ఒక బ్యాటరీ 1.5 వోల్టులు. అందులో సుమారు లక్షో వంతు అనుకోండి. తలకు నూనె ఉంటే బిళ్ల సరిగ్గా అంటదు, ఆ కాస్త సంకేతమూ అందదు. నూనె వద్దన్నది అందుకే.

మనిషి తల మీది నుంచి ఈ అలలను మొదట నమోదు చేసినవారు జర్మనీలోని జెనా పట్టణంలో పనిచేసిన డాక్టర్ హాన్స్ బెర్గర్. 1924లో చేశారు, 1929లో ప్రకటించారు. కళ్లు మూసుకుని నెమ్మదిగా కూర్చున్న మనిషికి సెకనుకు సుమారు పది చొప్పున అలలు వస్తాయని, కళ్లు తెరవగానే అవి తగ్గిపోతాయని ఆయన గమనించారు. వాటినే ఆల్ఫా అలలు అంటారు. సెకనుకు 8 నుంచి 13 వరకు ఉంటాయి. గాఢనిద్రలో అంతకంటే చాలా నెమ్మదైన, పెద్ద అలలు కనిపిస్తాయి.

మెదడును బయటి నుంచి చూసే మరో పద్ధతి ఎఫ్ఎంఆర్ఐ. మెదడులో పనిచేస్తున్న చోటికి రక్తం ఎక్కువగా వస్తుంది. ఆ రక్తంలో ఆక్సిజన్ మార్పును పెద్ద అయస్కాంతం ఉన్న స్కానర్ పట్టుకుంటుంది. మెదడును కొన్ని మిల్లీమీటర్ల ఘనపు గళ్లుగా విడదీసి చూపిస్తుంది. చోటు బాగా తెలుస్తుంది గానీ పని ఆలస్యం. రక్తపు మార్పు శిఖరానికి చేరడానికి అయిదారు సెకన్లు పడుతుంది. ఈఈజీ దీనికి తలకిందులు. సమయం ఖచ్చితంగా చెబుతుంది, చోటు మసకగా చెబుతుంది.

డీకోడింగ్ అంటే

ఈ సంకేతాన్ని చూసి ఆ సమయంలో మనిషి ఏం చూస్తున్నాడో, ఏం చేయాలనుకుంటున్నాడో ఊహించడాన్నే డీకోడింగ్ అంటారు. ఇందులో మంత్రం లేదు. కంప్యూటర్‌కు ముందు కొన్ని ఉదాహరణలు చూపిస్తాం: ఈ గీతలు వచ్చినప్పుడు కుడిచేయి, ఆ గీతలు వచ్చినప్పుడు ఎడమచేయి అని. తర్వాత కొత్త గీత ఇచ్చి ఇది ఏది అని అడుగుతాం. అంతే.

2001లో జేమ్స్ హాక్స్‌బీ, ఆయన సహచరులు అమెరికాలో చేసిన ప్రయోగం ఈ రంగానికి దారి చూపింది. ఆరుగురికి ముఖాలు, ఇళ్లు, పిల్లులు, కుర్చీలు, సీసాలు, కత్తెరలు, చెప్పులు, అర్థంకాని కలగాపులగపు బొమ్మలు, మొత్తం ఎనిమిది రకాలు చూపించి ఎఫ్ఎంఆర్ఐ తీశారు. మెదడు వెనక భాగంలోని గళ్లన్నిటినీ కలిపి ఒక ముగ్గులా చూస్తే, ఏ రకం బొమ్మ చూస్తున్నారో చాలావరకు చెప్పగలిగారు. ముగ్గులో ఒక్క చుక్కను చూస్తే ఏమీ తెలియదు, చుక్కలన్నీ కలిపి చూస్తేనే తెలుస్తుంది. ఆ రికార్డులను తర్వాత అందరికీ ఇచ్చేశారు. ఈ రోజుకీ ప్రపంచంలో ఎందరో విద్యార్థులు వాటితోనే ఓనమాలు దిద్దుకుంటున్నారు.

ఓపెన్ సోర్స్ అంటే ఉచితం మాత్రమే కాదు

మన హాస్టల్లో మెనూ బోర్డు ఉంది. మెస్ కమిటీలో ఉన్న అమ్మాయిలు పొద్దున బియ్యం, పప్పు తూకం వేసేటప్పుడు పక్కన నిలబడతారు. ఎవరి మీదో అనుమానంతో కాదు. నలుగురి ముందు తూకం వేస్తే పొరపాటు అక్కడికక్కడే దొరుకుతుంది.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కూడా అలాంటిదే. డబ్బు కట్టనక్కరలేదు, నిజమే. కానీ అసలు సంగతి అది కాదు. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఏ లెక్కలతో రాశారో ఆ ప్రోగ్రామంతా మన ముందు ఉంటుంది. చదవొచ్చు, మార్చుకోవచ్చు, తప్పు కనిపిస్తే చెప్పొచ్చు, సరిచేసి పంపొచ్చు. ఊరికే పెట్టిన అన్నం వేరు, వంటగది తలుపు తెరిచి ఉండటం వేరు.

మెదడు సంకేతాలకు సంబంధించి అలాంటివి చాలా ఉన్నాయి. నాకు పరిచయమైనవి చెబుతాను.

ఎంఎన్ఈ-పైథాన్: ఈఈజీకి, మెదడులోని అతి చిన్న అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ఎంఈజీకి ఉపయోగపడుతుంది. దీనికి మూలం మట్టి హమలైనెన్ అనే శాస్త్రవేత్త సి భాషలో రాసిన ప్రోగ్రాం. తర్వాత అలెగ్జాండర్ గ్రామ్‌ఫోర్, ఇంకా ఎందరో కలిసి పైథాన్ భాషలో తయారుచేసి 2013లో పరిశోధనా పత్రం ప్రచురించారు. నా ప్రాజెక్టంతా దీనిమీదే నడిచింది.

నైలెర్న్: ఎఫ్ఎంఆర్ఐ బొమ్మల కోసం. ఫ్రాన్స్‌లోని ఇన్రియా సంస్థ పరిశోధకులు మొదలుపెట్టారు. హాక్స్‌బీ రికార్డులను ఒక్క ఆదేశంతో దించుకునే ఏర్పాటు ఇందులోనే ఉంది.

సైకిట్-లెర్న్: ఇది మెదడు కోసమే చేసింది కాదు. ఉదాహరణల నుంచి నేర్చుకునే గణిత పద్ధతులన్నీ ఒకచోట ఉన్న సంచి. 2007లో ఒక విద్యార్థి వేసవి ప్రాజెక్టుగా మొదలైంది. పై రెండూ డీకోడింగ్‌కు దీన్నే వాడుకుంటాయి.

ఈఈజీల్యాబ్, ఫీల్డ్‌ట్రిప్, ఎస్పీఎం: వరుసగా అమెరికాలోని శాన్‌డియాగో, నెదర్లాండ్స్‌లోని నైమేఖెన్, ఇంగ్లండులోని లండన్ నుంచి వచ్చినవి. వీటి ప్రోగ్రాములు కూడా తెరిచే ఉంటాయి. అయితే ఇవి సాధారణంగా మాట్‌ల్యాబ్ అనే కొనుక్కోవలసిన సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. మాట్‌ల్యాబ్ మా డిపార్ట్‌మెంట్ ల్యాబులో ఉండేది, కానీ ల్యాబుకు సాయంత్రం అయిదింటికి తాళం. నా సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌కు తాళం లేదు. అందుకే పైథాన్ వైపు వెళ్లాను. అది తప్ప వేరే గొప్ప కారణం లేదు.

సాఫ్ట్‌వేర్ ఉంటే చాలదు, రికార్డులు కావాలి. ఈఈజీ యంత్రం నాకెవరిస్తారు? ఫిజియోనెట్ అనే ఉచిత భాండాగారంలో 109 మంది వాలంటీర్ల ఈఈజీ ఉంది. 64 బిళ్లలతో తీశారు. కళ్లు తెరిచి ఒక నిమిషం, కళ్లు మూసుకుని ఒక నిమిషం, తర్వాత పిడికిలి బిగించడం, బిగిస్తున్నట్టు మనసులో అనుకోవడం ఉన్నాయి. సెకనుకు 160 సార్లు కొలిచారు. అంటే ఒక మనిషికి ఒక్క నిమిషానికి ఆరు లక్షలకు పైగా అంకెలు.

ఓపెన్ అంటే ఎవరి తల రికార్డునైనా బయట పెట్టడం కాదు సుమా. ఆ వాలంటీర్ల పేర్లు అందులో లేవు. ఎంఆర్ఐ బొమ్మలైతే మొహం ఆనవాలు దొరక్కుండా ముఖభాగం చెరిపేసి ఇస్తారు. మా తమ్ముడి ఈఈజీ కాగితాలు మా ఇంట్లో ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి. అవి వాడివి. నా ప్రాజెక్టుకు వాటిని వాడలేదు.

నేను చేసిన తప్పులు

పని బియ్యం ఏరినట్టే ఉంటుంది. ముందు రాళ్లు తీయాలి. రెప్ప కొడితే మెదడు అలకంటే పెద్ద అల వస్తుంది. పళ్లు కొరికితే గజిబిజి వస్తుంది. గోడలోని కరెంటు కూడా రికార్డులోకి దూరుతుంది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు పూర్తి చేస్తుందని ఇంటర్‌లో చదివాను. కాబట్టి 50 దగ్గర వడపోత పెట్టాను. గీత శుభ్రపడలేదు. రెండు రోజులు ప్రోగ్రాం తప్పనుకుని తలపట్టుకున్నాను. మూడోరోజు వెలిగింది. ఆ రికార్డు అమెరికాది, అక్కడి కరెంటు 60. పుస్తకంలో చదివినది ఎక్కడి లెక్కో చూసుకోవాలని ఆ రోజు తెలిసింది.

శుభ్రం చేశాక మొదట కళ్లు తెరిచిన నిమిషం, మూసిన నిమిషం పక్కపక్కన గీయించాను. మూసిన దాంట్లో పది దగ్గర గోపురంలా లేచింది. దాదాపు వందేళ్ల కిందట బెర్గర్ చూసినది నా పాత ల్యాప్‌టాప్‌లో నాకూ కనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత అసలు పని. కుడిచేతిని కదపాలని అనుకుంటే చాలు, మెదడు ఎడమవైపు కొన్ని అలలు తగ్గుతాయి. ఎడమచేతిని అనుకుంటే కుడివైపు తగ్గుతాయి. ఒక వాలంటీరు ఇలా అనుకున్న ప్రయత్నాలు 45 ఉన్నాయి. ఏది కుడి, ఏది ఎడమ అని కంప్యూటర్ చెప్పాలి. మొదటిసారే 45కి 43 వచ్చాయి. సంతోషంతో గైడ్ గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఒకే ప్రశ్న అడిగారు: "ఏ బిళ్లలు, ఏ అలలు తీసుకోవాలో ఎలా ఏరావు?" మొత్తం 45 ప్రయత్నాలూ చూసి, తేడా బాగా కనిపించేవాటిని ఏరానని చెప్పాను. ఆయన నవ్వి, "పరీక్ష పేపరు ముందే చూపించి, మార్కులు చూసి మురిసిపోతున్నావమ్మా" అన్నారు.

తప్పు అదే. సరైన పద్ధతి ఇలా ఉంటుంది. 45ను తొమ్మిదేసి చొప్పున అయిదు కట్టలు చేయాలి. ఒక కట్టను పక్కన దాచాలి. మిగిలిన 36తోనే ఏరడం, నేర్పడం రెండూ చేయాలి. అప్పుడు దాచిన తొమ్మిదిమీద పరీక్ష పెట్టాలి. ఇలా అయిదు కట్టలకూ వంతులవారీగా చేయాలి. సైకిట్-లెర్న్‌లో పైప్‌లైన్ అనే ఏర్పాటు ఉంది. ఏరడం, నేర్పడం రెండిటినీ ఒకే గొలుసుగా కడితే దాచిన కట్ట పొరపాటున కూడా బయటపడదు. అలా చేస్తే నా 43 కాస్తా 26 అయింది.

26 అంటే సగం కంటే ఎక్కువే కదా అనిపించొచ్చు. నాణెం తీసుకుని 45 సార్లు ఎగరేయండి. ఇలా వందమంది ఎగరేస్తే వారిలో దాదాపు 19 మందికి 26 గానీ అంతకంటే ఎక్కువ గానీ బొమ్మలు పడతాయి. కాబట్టి నా 26కు, నాణేనికి పెద్ద తేడా లేదు. జాబితాలో తర్వాతి వాలంటీరుకు 35 వచ్చాయి. అది నాణెం పని కాదు. వేలమంది ఎగరేస్తే ఒకరికి పడే సంఖ్య అది. కొందరిలో ఈ సంకేతం బాగా కనిపిస్తుంది, కొందరిలో కనిపించదు. ఆ 35 వచ్చిన మనిషినొక్కడినే ప్రాజెక్టులో చూపించి 26 వచ్చినవాడిని దాచేస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. ఇద్దరినీ రాశాను.

చచ్చిన చేప ఆలోచించిందా?

ఇలాంటి తప్పులు నాలాంటి విద్యార్థులే చేస్తారనుకోకండి. 2009లో క్రెయిగ్ బెన్నెట్, ఆయన సహచరులు అమెరికాలో ఒక సాల్మన్ చేపను ఎఫ్ఎంఆర్ఐ స్కానర్‌లో పెట్టారు. అది చచ్చిన చేప. దానికి మనుషుల ఫోటోలు చూపించి, ఆ మనుషులు ఏ భావంతో ఉన్నారో చెప్పమని అడిగారు. లెక్క వేస్తే చేప మెదడులో కొన్ని గళ్లు పనిచేసినట్టు వచ్చాయి!

చేప లేచి ఆలోచించలేదు. స్కానర్ బొమ్మలో వేల గళ్లుంటాయి. ఒక్కో గడికీ వెయ్యింటికి ఒకసారి పొరపాటు ఫరవాలేదు అనుకుందాం. 50,000 గళ్లుంటే ఊరికే 50 గళ్లు వెలుగుతాయి. అన్ని పరీక్షలు ఒకేసారి చేస్తున్నప్పుడు నియమాన్ని ఇంకా కఠినం చేయాలి. అలా చేస్తే చేప మెదడు చీకటైపోయింది. ఈ పని 2012లో, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి పొందింది.

2016లో ఇంకా పెద్ద సంగతి బయటపడింది. ఆండర్స్ ఎక్‌లుండ్, ఆయన సహచరులు 499 మంది ఆరోగ్యవంతులు ఊరికే పడుకుని ఉన్న ఎఫ్ఎంఆర్ఐ రికార్డులు తీసుకున్నారు. అవి పరిశోధకులు ఉచితంగా పంచుకున్నవే. ప్రపంచమంతా వాడే మూడు సాఫ్ట్‌వేర్లలో వేసి చూశారు. ఏమీ దొరక్కూడని చోట నూటికి అయిదుసార్లు మాత్రమే పొరపాటు రావాలి. కొన్ని పద్ధతుల్లో నూటికి 70 దాకా వచ్చింది. ఒక సాఫ్ట్‌వేర్‌లో పదిహేనేళ్లుగా ఉన్న ప్రోగ్రాం తప్పు కూడా దొరికింది. దాన్ని సరిచేశారు.

ఓపెన్ సోర్స్‌లో తప్పులుండవని ఎవరైనా అంటే నమ్మకండి. పదిహేనేళ్లు ఎవరూ చూడకపోతే తెరిచిన తలుపైనా మూసినట్టే. కానీ చూడాలనుకున్న రోజున చూడటానికి వీలుంది. అది మూసిన పెట్టెలో ఉండదు.

ఎవరి మెదడు కొలత?

ఇంకో ముచ్చట. వేర్వేరు మనుషుల మెదడు బొమ్మలను పోల్చాలంటే అందరినీ ఒక నమూనా మెదడుకు సరిపెట్టాలి. ప్రపంచంలో ఎక్కువగా వాడేది కెనడాలోని మాంట్రియల్‌లో తయారైన నమూనా. మన హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు వందమంది భారతీయుల ఎంఆర్ఐలతో ఒక భారతీయ మెదడు అట్లాస్ తయారుచేసి 2019లో ప్రకటించారు. మన సగటు మెదడు పాశ్చాత్య నమూనా కంటే కొంచెం చిన్నదని తేలింది. చిన్నదంటే తెలివి తక్కువని కాదు. ఒకరి కొలతతో కుట్టిన చొక్కా అందరికీ సరిపోదని మాత్రమే. కొలత ఎవరిది అని అడగడం మనకు కొత్త కాదు కదా!

పోలీసు స్టేషనులో మెదడు పరీక్ష

ఇప్పుడు అమ్మ ప్రశ్నకు వస్తాను. "వాడేమన్న తప్పు చేసిండని చూస్తున్నరా?" అని అమ్మ అడిగినప్పుడు అది అమాయకపు మాట అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

మన దేశంలో 2000 తర్వాత కొన్నేళ్లపాటు పత్రికల్లో నార్కో ఎనాలిసిస్, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ అనే మాటలు తరచూ వచ్చేవి. నిందితుల తలకు ఈఈజీ బిళ్లలు అంటించి, నేరానికి సంబంధించిన మాటలు వినిపించి, మెదడు వాటిని గుర్తుపట్టిందో లేదో చెబుతామనేవారు. 2008లో పుణె కోర్టు ఒక హత్యకేసు తీర్పులో అలాంటి మెదడు పరీక్ష ఫలితాన్ని కూడా ఆధారంగా చెప్పింది. బయటి ప్రయోగశాలలు స్వతంత్రంగా చేసి నిర్ధారించని పద్ధతి అని అప్పుడే పలువురు శాస్త్రవేత్తలు విమర్శించారు.

ఆలోచించండి. నా ప్రాజెక్టులో 43 అనేది 26 అయితే పోయింది నా సంతోషం ఒక్కటే. అక్కడ అదే తప్పు జరిగితే పోయేది ఒక మనిషి జీవితం. లెక్క చూపించమని అడగగలిగిన లాయరును పెట్టుకునే స్తోమత ఎందరికుంటుంది? ఊళ్లో దొంగతనం జరిగితే మొదట ఏ వాడ వైపు చూస్తారో మనలో చాలామందికి చెప్పనక్కరలేదు.

2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి వర్సెస్ కర్ణాటక ప్రభుత్వం కేసులో తీర్పు ఇచ్చింది. నార్కో, లై డిటెక్టర్, మెదడు పరీక్షలు ఎవరికీ బలవంతంగా చేయరాదని చెప్పింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టరాదన్న రాజ్యాంగంలోని 20(3) అధికరణాన్ని, వ్యక్తిస్వేచ్ఛను కాపాడే 21వ అధికరణాన్ని ఆధారం చేసుకుంది. ఆ ధర్మాసనానికి నాయకత్వం వహించినది ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్. దళిత కుటుంబం నుంచి ఆ పదవికి చేరిన మొదటి వ్యక్తి ఆయనే. బాబాసాహెబ్ అధ్యక్షతన ముసాయిదా రాసిన రాజ్యాంగం, ఈఈజీ తీగల దాకా వచ్చి మనిషి తలకు కాపలా కాసిందని చదివినప్పుడు నాకు కలిగిన ధైర్యం మాటల్లో చెప్పలేను.

అమ్మకు నా జవాబు

మొన్న పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు జవాబు చెప్పాను.

"లేదమ్మా. తమ్ముడికి చేసిన పరీక్ష ఫిట్స్ కోసం. అందులో వాడి మనసు కనిపించదు. అందులో ఏమీ లేకపోయినా ఫిట్స్ లేవని కూడా కాదు. డాక్టరు వాడిని చూసి, మనం చెప్పినది విని నిర్ణయిస్తాడు. ఇక మనసులో మాట చదివే ప్రయత్నాలంటావా, జరుగుతున్నాయి. 2023లో అమెరికాలోని టెక్సస్‌లో ఒక బృందం, మనిషి వింటున్న కథ సారాంశాన్ని ఎఫ్ఎంఆర్ఐ నుంచి కొంతవరకు మాటల్లో పెట్టగలిగింది. అయితే ఆ మనిషి ముందుగా పదహారు గంటలు ఆ యంత్రంలో పడుకుని కథలు వినాల్సి వచ్చింది. ఒకరి దగ్గర నేర్చినది ఇంకొకరి మీద పనిచేయలేదు. ఆ మనిషి సహకరించకుండా మనసులో వేరే కథ చెప్పుకుంటే యంత్రం తప్పిపోయింది. నోరు పడిపోయినవాళ్లకు మాట ఇవ్వాలని ఇంకొందరు ప్రయత్నిస్తున్నారు. అది మంచి పని."

అమ్మ అంతా విని, "అయితే ఒప్పుకుంటేనే తెలుస్తదన్నట్టు" అంది. ఆ పరిశోధన పత్రాన్ని ఇంతకంటే బాగా నేను కుదించలేను. "ఈరోజుకు అంతే అమ్మా. రేపు యంత్రాలు మెరుగుపడొచ్చు. అందుకే చూసేవాళ్లు ఉండాలి" అన్నాను.

తమ్ముడు ఇప్పుడు ఐటీఐ చదువుతున్నాడు. మాత్రలు మానకుండా వేసుకుంటున్నాడు. ఫిట్స్ వచ్చి మూడేళ్లు దాటింది. మెడలో తాయత్తు ఉంది, తీయించలేదు. అది అమ్మ కోసం.

చెల్లెళ్లకు రెండు మాటలు

ఈ పని చేయడానికి పెద్ద ల్యాబు అక్కరలేదు. మన కంప్యూటర్ గదిలో ఉన్నలాంటి మామూలు యంత్రం మీద కూడా పైథాన్ నడుస్తుంది. పదో తరగతి లెక్కల్లో సగటు, సంభావ్యత బాగా నేర్చుకోండి. వాటిని మార్కుల కోసమని వదిలేయకండి. నేను వాడినవన్నీ అవే, కొంచెం పెద్దవయ్యాయి.

ఇంగ్లీషు భయం నాకూ ఉండేది. ఆ సాఫ్ట్‌వేర్ పాఠాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఒక పేజీకి ఒక సాయంత్రం పట్టేది. అర్థమైనదాన్ని తెలుగులో ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. 50, 60 కరెంటు తప్పు, 43 మార్కుల తప్పు కూడా అందులో ఉన్నాయి. దాని జిరాక్స్ ప్రతి ఈ వార్షికోత్సవం రోజున మన హాస్టల్ లైబ్రరీకి ఇస్తున్నాను. అందులో నేను రాసినది తప్పని మీలో ఎవరికైనా అనిపిస్తే పక్కన పెన్సిల్‌తో రాయండి. నేను వచ్చినప్పుడు చూసి దిద్దుకుంటాను.

ఎవరైనా ఒక యంత్రం తెచ్చి "ఇది నీ తలలో ఉన్నది చెబుతుంది" అంటే భయపడకండి, వెంటనే నమ్మకండి. తూకం నలుగురి ముందు వేయమనండి.

జై భీమ్.

– ఒక పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. (స్టాటిస్టిక్స్)